ఆ గుంతలో పుట్టింది ఏ దోమ?

ఈసారి ఉత్తరం రాసినావిడ పేరు, ఊరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం. అందులోని సంగతి క్లుప్తంగా ఇదీ.

ఇంటి వెనక పల్లంగా ఉన్న మూలలో మూడేళ్ల కిందట ఇంకుడు గుంత తవ్వించారు. నల్లరేగడి నేల. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నడుము లోతు. డాబా మీద పడ్డ వాన నీళ్లు వృథా పోకూడదని ఆవిడ ఆలోచన. మొదటి ఏడాది ఎంత వాన కురిసినా రెండు రోజుల్లో గుంత ఖాళీ అయ్యేది. రెండో ఏడాది వంటగది నీళ్లు, బట్టలుతికిన నీళ్లు కూడా అందులోకే మళ్లించారు. ఇప్పుడు వాన వెలిసి పది రోజులైనా అడుగున జానెడు నీళ్లు కదలకుండా ఉంటున్నాయి. వాటిలో వంకరలు తిరుగుతూ పురుగులు.

గోడ అవతలి ఇంటివాళ్లతో పన్నెండేళ్ల స్నేహం. ఒకరినొకరు 'వదినా' అని పిలుచుకుంటారు. రెండు నెలల కిందట వాళ్ల పదకొండేళ్ల పాపకు డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. కోలుకుంది కూడా. కానీ ఇంటికి తీసుకొచ్చిన రోజునే ఆ వదిన గేటు దగ్గర నిలబడి, "నీ గుంత నా బిడ్డను మింగబోయింది" అని నలుగురూ వినేలా అంది. అప్పటినుంచి మాటల్లేవు. నెలాఖరులోగా గుంత పూడ్చమని కాలనీ సంఘం వాళ్లు చెప్పి వెళ్లారు. "రెండు ట్రక్కుల మట్టి పోయించి వదిలించుకుందాం" అంటున్నారు భర్త. ఈవిడకు మనసొప్పడం లేదు. ఈలోగా ఒకసారి వాడేసిన ఇంజిన్ ఆయిల్, ఇంకోసారి ఎవరో చెబితే ఒక బస్తా ఉప్పు గుంతలో పోశారు. లాభం లేదు.

అసలు బాధ మూడో పేజీలో ఉంది. డాబా ఎక్కితే వదిన వాళ్ల పెరట్లో మూతలేని నీలం డ్రమ్ము, వరసగా పూలకుండీలు, వాటి కింద నీళ్లు నిండిన పళ్లేలు కనిపిస్తాయి. "ఈ మాట పైకి అంటే తప్పించుకోడానికి అన్నట్టుంటుంది. అనకపోతే దోషిని నేనే. నిజంగా నా గుంత వల్లే ఆ పాపకు జ్వరం వచ్చిందా? రాత్రి నిద్ర పట్టడం లేదు."

*

ముందు మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న సంగతి చూద్దాం. ఏ దోమ కుట్టడం వల్ల ఆ పాపకు డెంగీ వచ్చిందో మీరు చెప్పలేరు, మీ వదిన చెప్పలేదు, డాక్టరు కూడా చెప్పలేరు. దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు జ్వరం మొదలవుతుంది. ఆ పది రోజుల్లో పాప బడికి వెళ్లి ఉంటుంది, ఆడుకోడానికి వెళ్లి ఉంటుంది, ఇంట్లోనూ ఉంటుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ ఎక్కువగా పగలు కుడుతుంది. పొద్దున వెలుగొచ్చాక రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దుగూకే ముందు దాని జోరు ఎక్కువ. పైగా దోమ పుట్టుకతోనే వైరస్‌ను తెచ్చుకోవడం అరుదు. సాధారణంగా అది ముందు జ్వరమున్న ఇంకెవరినో కుట్టాలి, ఆ తర్వాత ఎనిమిది నుంచి పన్నెండు రోజులు గడవాలి, అప్పుడే ఇంకొకరికి అంటించగలదు. అంటే ఈ కథలో మీ గుంత, వాళ్ల డ్రమ్ము కాకుండా పేరు తెలియని మూడో మనిషి కూడా ఒకరున్నారు. ఆ మనిషికి తనకు డెంగీ వచ్చిందన్న సంగతే తెలియకపోవచ్చు. చాలామందికి లక్షణాలు పైకి కనపడకుండానే వచ్చి పోతుంది.

కాబట్టి మీరు దోషి అని నేను అనను. అలాగని మీ గుంత నిర్దోషి అని కాగితం రాసివ్వలేను. ఉత్తరం చివరికి వచ్చేసరికి అలాంటి కాగితం కోసమే మీరు రాశారనిపించింది. అది ఇవ్వను గానీ, అంతకంటే పనికొచ్చేది ఒకటి చెబుతాను. గుంతలో ఏం పుడుతోందో మీ కళ్లతో మీరే చూసుకోవచ్చు.

దోమలన్నీ ఒకే నీటికి రావు. క్యూలెక్స్ అనే గోధుమరంగు దోమ, రాత్రిళ్లు చెవి దగ్గర పాడేది, కుళ్లిన నీటిని వెతుక్కుంటుంది. మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు, సబ్బునీళ్లు, మెతుకులు కలిసిన గుంట దానికి ప్రాణం. ఆ నీటిలోని సూక్ష్మజీవులే దాని పిల్లలకు తిండి. ఏడిస్ ఎక్కువగా గట్టి గోడలున్న పాత్రల్లో నిలిచిన తేటనీటికి వస్తుంది. డ్రమ్ము, టైరు, కుండీ పళ్లెం, కూలర్ లాంటివన్నమాట. మలేరియాను మోసే అనాఫిలస్‌లో ఒక్కో జాతిది ఒక్కో రుచి. కొన్నిటికి ఎండ పడే వాననీటి మడుగు కావాలి, ఆవు గిట్ట ముద్రలో నిలిచిన నీళ్లయినా చాలు. కొన్నిటికి కాలువ ఊట కావాలి. అనాఫిలస్ స్టెఫెన్సీ అయితే బావుల్లో, డాబాల మీది ట్యాంకుల్లో కాపురం పెడుతుంది. ఉప్పునీటిలో హాయిగా పెరిగే జాతులూ ఉన్నాయి. మీరు ఉప్పు పోసినప్పుడు ఈ సంగతి చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు!

వంటగది నీళ్లు కలిసి, పది రోజులు నిలిచి, వాసన కొడుతున్న మీ గుంతలో ఇప్పుడు పెరుగుతున్నవి చాలావరకు క్యూలెక్స్ అయి ఉండాలి. చీకటి పడ్డాక వెనక తలుపు తెరవలేకపోతున్నామని మీరు రాసిన మాటా దానికి సరిపోతుంది. అయితే పగలు టేబుల్ కింద కాళ్లను కుడుతున్నాయని కూడా రాశారు. అవి వేరే చోట పుట్టినవై ఉండొచ్చు. ఆ 'వేరే చోటు' మీ ఇంట్లోనే ఉందేమో ముందు వెతకండి. ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీద పారేసిన సామాను, వాడని బాత్రూమ్‌లో బకెట్... డాబా ఎక్కి పక్కింటి పెరడు చూసిన కళ్లతోనే ఒకసారి మీ డాబా కూడా చూడండి.

ఊహలతో పని లేకుండా తేల్చుకోవాలంటే ఒక గరిటె, తెల్ల గిన్నె చాలు. మీ నీడ నీటిమీద పడకుండా నిలబడి, గుంత అంచు దగ్గర గరిటెను మెల్లగా ముంచి గిన్నెలో పోయండి. కాసేపు కదలకుండా ఉంటే పురుగులు పైకొస్తాయి. ఒంటిని నీటి మట్టానికి సమానంగా, పుల్ల తేలినట్టు పడుకోబెడితే అవి అనాఫిలస్ పిల్లలు. తోక చివరి గొట్టాన్ని పైకి పెట్టి తలకిందులుగా వేలాడితే క్యూలెక్స్ గానీ ఏడిస్ గానీ. ఆ రెంటినీ వట్టి కంటితో విడదీయడం కష్టం. అందుకని కామా గుర్తులా ముడుచుకున్న ప్యూపాలను, అంటే పురుగు దశ దాటి దోమ కాబోతున్నవాటిని, నాలుగింటిని అదే నీటితో, గాజు సీసాలో వేసి మూతికి పల్చని గుడ్డ బిగించి కట్టండి. ప్యూపా ఏమీ తినదు, రెండు మూడు రోజుల్లో దోమై గుడ్డకు అంటుకుని కూర్చుంటుంది. నల్లటి కాళ్లమీద తెల్లటి పట్టీలు కనిపిస్తే ఏడిస్. ఒళ్లంతా మట్టిరంగు, పట్టీలు లేకపోతే క్యూలెక్స్. చూశాక సీసాను అలాగే ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టేయండి, వదలొద్దు. నీటిమీద మసిరంగులో బియ్యపుగింజంత తెప్ప తేలుతూ కనిపిస్తే అది క్యూలెక్స్ పెట్టిన గుడ్ల గుత్తి. అందులో నూటికి పైగా గుడ్లుంటాయి.

ఇక మట్టి సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. మొదటి ఏడాది రెండు రోజుల్లో ఇంకిన గుంత ఇప్పుడు పది రోజులైనా ఎందుకు ఇంకడం లేదు?

దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వేసవి వేడిలో ఏడు నుంచి పది రోజులు పడుతుంది. మూడు రోజుల్లో ఆరిపోయే గుంటలో ఎన్ని గుడ్లు పెట్టినా పిల్లలు ఎండకు మాడిపోతాయి. అంటే నీరు ఉందా లేదా అన్నదాని కంటే ఎన్నాళ్లు ఉందన్నది ముఖ్యం. ఆ 'ఎన్నాళ్లు' అన్నది మట్టి చేతిలో ఉంటుంది. ఇసుక నేలలో నీరు గంటకు 30 మిల్లీమీటర్లకు పైగానే దిగుతుంది. మీ నల్లరేగడి లాంటి బంకమట్టిలో గంటకు ఒకటి నుంచి ఐదు మిల్లీమీటర్లే. ఇదే బంకమట్టిలో అడుగు లోతు నీళ్లు, అంటే 300 మిల్లీమీటర్లు, నిలిచాయనుకోండి. గంటకు ఐదు చొప్పున దిగితే రెండున్నర రోజుల్లో ఖాళీ, దోమకు చోటు లేదు. గంటకు ఒకటి చొప్పున దిగితే పన్నెండున్నర రోజులు. ఆలోగా ఒక తరం దోమలు పుట్టి ఎగిరిపోతాయి. రెండూ బంకమట్టే, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మీ గుంత మొదటి ఏడాది ఈ గీతకు అవతల ఉండేది, ఇప్పుడు ఇవతలికి వచ్చింది.

దానికి కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. డాబా మీది దుమ్ము, పెరటి ఒండ్రు మూడేళ్లుగా అడుగున పేరుకున్నాయి. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరు కంటే చిన్నది. అది తేటపడి అడుగుకు చేరేసరికి నేలలోని సన్న రంధ్రాలను మైనం పూసినట్టు మూసేస్తుంది. వంటగది నీళ్లలోని జిడ్డు, వాటిమీద పెరిగిన పాచి కలిసి దానిమీద ఇంకో పొర కట్టాయి. ఈసారి గుంత ఎండినప్పుడు అడుగు చూడండి. పైపొర పెంకులు పెంకులుగా లేచి, అంచులు పైకి ముడుచుకుని ఉంటుంది. ఒక పెంకు తీసి వెనక్కి తిప్పితే పైవైపు వేలికి నున్నగా జారుతుంది, కిందివైపు గరుకుగా ఉంటుంది. నీళ్లను ఆపుతున్నది ఆ నున్నటి పొరే.

ఆయిల్ వల్ల మరింత చెడింది. నీటిమీది పొర లార్వాల, అంటే దోమ పిల్లల, గాలి గొట్టాన్ని మూసి చంపుతుందన్నది నిజమే. ఒకప్పుడు పనామా కాలువ తవ్వినచోట కూడా మడుగులమీద నూనె చల్లించారు. కానీ ఆ పొర కొన్నాళ్లకే తునిగిపోతుంది, ఆయిల్ మాత్రం మట్టికి పట్టుకుని నీటిని పీల్చనివ్వదు. నేలను, భూమిలోని నీటిని పాడుచేస్తుంది. ఇంకెప్పుడూ పోయకండి. ఉప్పుది ఇంకో రకం దెబ్బ. వాన నీళ్లు ఉప్పును కడిగేశాక అందులోని సోడియం బంకమట్టిని పట్టుకుని ఉండిపోతుంది. అప్పటిదాకా గడ్డలుగా ఉన్న మట్టి విడిపోయి, బురదై, ఆరాక సిమెంటులా బిగుసుకుంటుంది. మట్టి పరీక్షలో సోడియం ఎక్కువని తేలితే జిప్సం వేసి కొంతవరకు సరిచేయొచ్చు. తేలకపోతే జిప్సం దండగ.

ఏం చేయాలో నిర్ణయించే ముందు ఒక చిన్న కొలత తీయండి. గుంత పక్కనే అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పోయండి. ఆ మొదటిసారి లెక్క నమ్మకండి. నల్లరేగడి ఎండినప్పుడు పగుళ్లు విచ్చుకుంటుంది, మొదటి నీళ్లు ఆ పగుళ్లలో గటగటా దిగిపోతాయి. 'మా నేల ఎంత బాగా పీలుస్తుందో' అని మురిసిపోతాం. తర్వాత మట్టి ఉబ్బి పగుళ్లు మూసుకుంటుంది, అసలు గుణం అప్పుడు బయటపడుతుంది. అందుకే ఒక రాత్రంతా నాననిచ్చి, మర్నాడు మళ్లీ నింపి, పుల్ల గుచ్చి గంటగంటకూ ఎంత దిగిందో గుర్తు పెట్టండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూస్తే చాలు. నింపకుండానే గొయ్యిలోకి కిందినుంచి నీరు ఊరితే మాత్రం సంగతి వేరు. భూగర్భ నీరు పైకి ఉందని అర్థం, అలాంటి చోట ఎంత లోతు తవ్వినా ఇంకదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మీవారు అన్నట్టు పూడ్చేయడం మొదటిది. సులువే, సంఘం వాళ్లు కూడా సంతోషిస్తారు. కానీ ఆ మూల పల్లం అని మీరే రాశారు. గుంత పోయినంత మాత్రాన డాబా మీది నీళ్లు ఎక్కడికీ పోవు. పల్లాన్ని వెతుక్కుంటూ గోడ పక్కకు, బహుశా వదిన వాళ్ల వైపుకే చేరతాయి. అప్పుడు కొత్త గొడవ. వదులుగా పోసిన మట్టి ఒక్క వానాకాలానికి కుంగి పళ్లెంలా తయారవుతుంది, అందులో రెండంగుళాల నీళ్లు రెండు వారాలు నిలుస్తాయి. ఇంకో తమాషా ఉంది. తడి నల్లరేగడిలో మట్టి ట్రక్కు వస్తే చక్రాల గాడులు పడతాయి, వాటి అడుగు ఆ బరువుకు బిగుసుకుపోతుంది. ఒక గుంత పూడ్చబోయి నాలుగు పొడవాటి గుంటలు చేసుకున్నవాళ్లను చూశాను. పూడ్చాలనే అనుకుంటే నేల బాగా ఎండినప్పుడు, పొరలు పొరలుగా దిమ్మిస చేయించి, మధ్యలో కాస్త ఎత్తుగా ఉంచి, మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు ఇచ్చి, నీళ్లు ఎటు పోవాలో ముందే దారి చూపించి పూడ్చండి.

రెండోది గుంతను బాగుచేయడం. కొలతలో గంటకు నాలుగైదు మిల్లీమీటర్లు దిగితే నా మొగ్గు ఇటే. ముందు వంటగది, బట్టల నీళ్లు ఆపేయాలి. మురుగు కాలువలోకి గానీ, రోజుకో పాదు చొప్పున మార్చుతూ మొక్కలకు గానీ వదలండి. పల్చగా పారితే గంటలో ఇంకుతుంది. అడుగున అరడుగు మందాన ఒండ్రు, ఆయిల్ పట్టిన మట్టి గీకి తీయించి, కింద గునపంతో గరుకు చేయించండి. ఆ మట్టిని మొక్కల దగ్గర వేయకండి, వేరుగా పారవేయించండి. తర్వాత రాళ్లు, పైన కంకర, దానిపైన జానెడు మందాన ముతక ఇసుక. నీళ్లు ఇసుకకు కిందే ఉన్నంతకాలం దోమ వాటిని చేరలేదు. వాన నీరు గుంతలోకి వచ్చేముందు చిన్న తొట్టిలో ఆగి, ఒండ్రు అక్కడే దిగాలి. ఆ తొట్టిని వాన వెలిసిన ప్రతిసారీ మీరు ఖాళీ చేయాలి. ఈ ఒక్క పని బద్ధకిస్తే రెండేళ్లలో మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు. రాళ్లు నింపితే నీటికి చోటు మూడో వంతుకు కాస్త పైనే మిగులుతుంది, మిగతా నీటికి పొంగు దారి కూడా పెట్టుకోవాలి.

ఒక హెచ్చరిక. మురుగు ఆపేసి గుంతను మాత్రం అలాగే తెరిచి ఉంచితే క్యూలెక్స్ తగ్గుతుంది. ఆ తేటనీటికి అనాఫిలస్ రావచ్చు, ఏడిస్ కూడా రావచ్చు. నీటిని శుభ్రం చేస్తే దోమలు పోతాయనుకోవడం పొరపాటు, అద్దెకున్నవాళ్లు మారతారంతే. మూత వేసేయడమూ చాలామంది చేసేదే. బండకు, గోడకు మధ్య వేలెడు సందు ఉంటే చాలు, దోమ దూరుతుంది. లోపల చీకటి, చల్లదనం, ఆరని నీళ్లు. తెరిచిన గుంత కంటే అదే నయమనుకుంటుంది.

కొలతలో గంటకు ఒక మిల్లీమీటరే దిగితే, లేదా కిందినుంచి నీరు ఊరితే, ఆ చోటు ఇంకుడు గుంతకు పనికిరాదని ఒప్పుకోవాలి. అప్పుడు పూడ్చడం గానీ, ఏడాది పొడవునా నీళ్లుండే చిన్న కొలనుగా మార్చడం గానీ చేయాలి. ఎప్పుడూ నీళ్లుండే చోట దోమ పిల్లల్ని తినే తూనీగ పిల్లలు, నీటి పురుగులు స్థిరపడతాయి. గప్పీ చేపలు వేసుకోవచ్చు, అవి వానాకాలంలో పొంగి బయటి చెరువుల్లోకి పోకుండా చూసుకోవాలి. అంచులు నిటారుగా ఉండాలి, గడ్డి పెరగనివ్వకూడదు. అంచున గడ్డిలో రెండంగుళాల నీళ్లుంటే చేప దూరలేదు, దోమ పిల్ల దాక్కుంటుంది. అందంగా ఉంటుందని అంతరతామర గానీ గుర్రపుడెక్క గానీ వేయకండి. మాన్సోనియా అనే దోమ పిల్లలు గాలి కోసం పైకే రావు, ఆ మొక్కల వేళ్లకు గొట్టం గుచ్చి అక్కడే ఊపిరి పీలుస్తాయి. అయితే కొలనుకు రోజూ మనిషి కావాలి. ఒక ఎండాకాలం అడుగంటి చేపలు చచ్చాయంటే, మొదటి వానకు అదే దోమల తొట్టి. పక్కింటివాళ్లతో మాటలు లేని ఈ పరిస్థితిలో, వాళ్ల కళ్లముందు నీళ్లతో మెరిసే కొలను పెట్టుకోవడం మంచిదా అన్నది కూడా ఆలోచించండి. నేనైతే ఇప్పుడు పెట్టను.

ఏ దారి పట్టినా ఈ నెలంతా గుంతలో నీళ్లుంటాయి కదా. అంతవరకూ బీటీఐ అనే సూక్ష్మజీవి మందు వేయండి. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, దోమ పిల్లలు చచ్చి తేలుతున్న ఒక మడుగులో దొరికింది ఇది. లార్వా తింటే దాని పేగు చెడి చస్తుంది, మనుషులకు, చేపలకు హాని లేదు. పొట్లం మీద రాసిన మోతాదులోనే, వారం పది రోజులకోసారి వేయాలి. ప్యూపాలు ఏమీ తినవు కాబట్టి వాటిమీద పనిచేయదు. మురుగు చిక్కగా ఉన్నా బలం తగ్గుతుంది. అందుకని ముందు ఆ జానెడు నీళ్లలో చాలావరకు, తోకకప్పలు రాకుండా చూసి, బకెట్లతో ఎత్తి ఎండ తగిలే పొడి నేలమీద పల్చగా పారబోయండి. సంఘం వాళ్లు పొగ కొట్టిస్తామన్నారని రాశారు. పొగ ఆ గంటలో ఎగురుతున్న దోమల్నే చంపుతుంది, నీళ్లలోవి అలాగే ఉంటాయి.

ఇక నీలం డ్రమ్ము. మీరు చూసింది నిజమే అయితే డెంగీ దోమకు మీ గుంతకంటే ఆ డ్రమ్ము, కుండీ పళ్లేలే ఎక్కువ ఇష్టం. ఏడిస్ సాధారణంగా పుట్టిన చోటినుంచి వంద, రెండొందల మీటర్లు దాటి పోదు. ఆ లెక్కన ఇద్దరి పెరళ్లూ దానికి ఒక్కటే. కానీ ఈ సంగతి మీ చేతిలో ఇప్పుడు సమాచారంలా లేదు, రాయిలా ఉంది. ఆసుపత్రి నుంచి బిడ్డను తెచ్చుకున్న తల్లితో 'నీ డ్రమ్ములోనే పుట్టింది' అంటే ఆవిడకు వినిపించేది 'నీ బిడ్డను నువ్వే చంపుకోబోయావు' అని. ఆవిడ మీతో అన్న మాటే తిప్పి అన్నట్టు.

పనామా సంగతే ఇంకోటి చెబుతాను. 1880లలో ఫ్రెంచివాళ్లు అక్కడ కాలువ తవ్వుతుంటే ఆసుపత్రి తోటలో మొక్కలకు చీమలు పట్టకుండా చుట్టూ నీళ్ల పళ్లేలు పెట్టారు. మంచాల కోళ్ల కిందా నీళ్ల గిన్నెలు పెట్టారు. ఆ నీళ్లలోనే ఏడిస్ పుట్టి, పక్కనున్న పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) రోగుల్ని కుట్టి, కొత్తగా చేరినవాళ్లకు అంటించింది. పెట్టినవాళ్లు రోగులకు సేవ చేస్తున్నవాళ్లే. వాళ్లది నిర్లక్ష్యం కాదు, దోమకూ జ్వరానికీ సంబంధం ఉందని అప్పటికి తెలియదు. మీ వదిన డ్రమ్ములో నీళ్లు పట్టుకుంది ఇంటి అవసరానికి, మీరు గుంత తవ్వింది నీళ్లు దాచడానికి.

రెండో పేజీలో మీరు దాటేసిన వాక్యం ఒకటుంది. "ఆసుపత్రికి వెళ్దామనుకున్నాను గానీ ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియక ఆగిపోయాను." పన్నెండేళ్ల స్నేహంలో ఐదు రోజులు మీరు కనపడలేదు. ఆవిడ కోపంలో గుంత వాటా ఎంత, ఈ ఐదు రోజుల వాటా ఎంత అన్నది నాకు తెలియదు. రెండోది పెద్దదని నా అనుమానం. దానికి మట్టి పరీక్ష అక్కర్లేదు. వెళ్లి, "వదినా, పాప ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను రాలేదు. భయపడ్డాను. అది తప్పే" అని చెప్పి ఊరుకోండి. గుంత గురించి ఆవిడే ఎత్తుతుంది. అప్పుడు, "నీళ్లు నిలుస్తున్నాయి, నిజమే. బాగుచేయిస్తున్నాను" అనండి. మీ చేతిలో ఉన్నది అది. పాపకు జ్వరం దాని వల్లే వచ్చిందని మాత్రం ఒప్పుకోకండి, అది మీకు తెలియని విషయం. ఆవిడ ఆ రోజు మాట కలపకపోవచ్చు. తలుపు వేసేసుకోవచ్చు కూడా. అయినా వెళ్లిన లెక్క వెళ్లినట్టే ఉంటుంది.

డ్రమ్ము సంగతి సంఘం ద్వారా రానివ్వండి, ఒక్క ఇంటి పేరు ఎత్తకుండా. గడువు ఇంకో రెండు వారాలు పొడిగించమని అడగడానికి వెళ్తారు కదా, కొలత తీసిన కాగితం చూపించి, ఆదివారం ఆదివారం అన్ని ఇళ్లవాళ్లూ ఎవరి పెరడు వాళ్లు చూసుకునేలా పెట్టమనండి. మొదటి ఇల్లు మీది. డ్రమ్ములు, పళ్లేలు ఖాళీ చేస్తే సరిపోదని, లోపలి గోడ పీచుతో గట్టిగా తోమాలని అక్కడ అందరికీ చెప్పొచ్చు. ఏడిస్ గుడ్లు నీటిలో కాకుండా నీటి మట్టానికి కాస్త పైన తడిగోడకు అతికిస్తుంది. అవి ఎండిపోయి నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ నీళ్లు పోసినరోజున పిల్లలవుతాయి. ఇది ఎవరి మీదా నింద కాదు, ఏ డ్రమ్ముకైనా వర్తిస్తుంది.

సంఘం ఒప్పుకోక, పూడ్చి తీరాల్సిందే అంటే పూడ్చేయండి. పైన చెప్పిన పద్ధతిలో. ఒక గుంత కోసం కాలనీ అంతటితో యుద్ధం వద్దు. డాబా నీళ్లకు మూతా జాలీ ఉన్న ట్యాంకు పెట్టుకోవచ్చు.

చివర్లో మీ చిన్నబ్బాయి అడగమన్న ప్రశ్న. గుంతలో కప్పలున్నాయి, అవి దోమల్ని తినేస్తాయి కదా, మరి గుంత ఎందుకు పూడ్చాలి అని. పెద్ద కప్పలు కొన్ని దోమల్ని తింటాయి బాబూ, కానీ వందల కొద్దీ పుట్టేదాన్ని ఆపేటంత కాదు. తోకకప్పలు ఎక్కువగా పాచి తింటాయి, వాటిమీద ఆశ పెట్టుకోవద్దు. వాటికి కాళ్లొచ్చి గట్టెక్కేదాకా పని మొదలుపెట్టొద్దని మీ అమ్మకు చెప్పు. నేల ఎండాకే పూడ్చాలని ఎలాగూ రాశాను, ఆలోగా అవి వెళ్లిపోతాయి.